నవ్వుల ప్లేటు

ఆ ఏడు మృగశిరకు వానా, మా పెద్దన్నా కలిసే దిగారు. ఉరుముకుంటూనే దిగారు ఇద్దరూ. పెండ్లాం పోయిన దుఃఖంలో సోలాపూర్ మిల్లులో చేరిన మనిషి, ఇటు నిజాం సర్కారూ అటు ఇండియన్ యూనియన్ సర్కారూ గుడ్లురుముకుంటుంటే నడుమ తనెందుకని ఊరికి వచ్చేశాడు. నెత్తి మీద ఒక నల్ల పెట్టె, చంకలో ఉమ్మెత్త పువ్వును పది రెట్లు పెంచినట్టున్న ఇత్తడి బూర.

"సోలాపూర్ పోయినోడు సొమ్ము తెస్తడనుకుంటే సొద తెచ్చిండు" అంది మా అమ్మ గుర్వమ్మ, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి.

"సొద కాదే, సొబగు. జర చెవు పెట్టి చూడు" అన్నాడు అన్న.

ఆయన పేరు జంగయ్య. మాటను తిన్నగా విడవడం ఆయనకు చేతకాదు. ఏదో ఒక మెలిక వేసి గాని వదలడు. ఆ రోగమే నాకూ అంటింది. నా నోట్లో ఇప్పటికీ మెలికలే తప్ప మెతుకులు సరిగ్గా నలగవు.

హాలియా అవతల మా సాలెవాడలో ఆ ఏడు నూలు దొరకలేదు. బయటి నుంచి సరుకు రాక అంగడి ఎండిపోయింది. మగ్గం గుంతల్లో వాననీళ్లు నిలిచి కప్పలు కాపురం పెట్టాయి. చేతులకు పనిలేని వాడలో చెవులకు పని దొరికింది. అన్న మా అరుగు మీద ఆ గ్రామఫోను పెట్టె పెట్టి, బూర బిగించి, చావి తిప్పే పని నాకు అప్పజెప్పాడు. ముల్లు తాను పెట్టేవాడు.

ఉన్నవి నాలుగే ప్లేట్లు. ఒక మరాఠీ లావణి, ఒక బొంబాయి పాట, ఒకటి నాటకం పద్యాలు. నాలుగోది నవ్వుల ప్లేటు. దాంట్లో పాటా లేదు, పద్యమూ లేదు. ఒక మగమనిషి ఏదో చెప్పబోయి నవ్వాపుకోలేక పకపకమంటాడు. ఆయన్ను చూసి ఒక ఆడమనిషి అందుకుంటుంది. ప్లేటు తిరిగినంత సేపూ ఇదే వరస. వాళ్లెందుకు నవ్వుతున్నారో మాకు తెలియదు. మేమెందుకు నవ్వుతున్నామో కూడా తెలియదు. వాడంతా పొట్టలు పట్టుకుని, కండ్లు తుడుచుకుని, "ఇంకోపారి పెట్టు జంగయ్యా" అనేది.

నెల తిరిగేసరికి వాడ చెవే మారిపోయింది. పడుగు సాగదీస్తూ మా ఆడవాళ్లు పాడే పాటలు ఎటుపోయాయో పోయాయి. ఎదురింటి సోమమ్మ అర్థం తెలియని లావణి ముక్క ఒకటి పట్టుకుని దాంతో మేకను పిలిచేది, మేకకు అర్థమైంది. ఇదివరకు ఎవరు నువ్వంటే గోత్రం చెప్పుకునే మనుషులు, ఇప్పుడు లావణి వాళ్లు, పద్యం వాళ్లు అని రెండు జట్లయ్యారు. పద్యం జట్టు పిల్లను లావణి జట్టు ఇంటికి ఇచ్చేది లేదని ఒక పెద్దమనిషి అరుగు మీద ఒట్టు పెట్టుకున్నాడు కూడా. ఇంకో సంగతి: ప్లేటు కంటే పొడుగున్నది ఏదీ వాడకు ఎక్కడం మానేసింది. మా అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి మొదలుపెడితే, "ప్లేటు మార్చు పెద్దమ్మా" అని నవ్వేవారు.

నవ్వని మనిషి ఒక్కతే. మా వదిన, నడిపన్న పెండ్లాం పుష్పమ్మ.

మావన్నీ నేత ఇళ్లే గాని నేతలెవరూ లేరు. ఒక్క మా నడిపన్న ఎల్లస్వామి మాత్రం రెండు రకాలా నేతే. పగలు మగ్గం నేసి, పొద్దుగూకినంక సంఘం మీటింగుల్లో మాట్లాడేవాడు. రజాకార్లు వాడ మీద పడ్డ తర్వాత దళంతో అడవి పట్టాడు. వైశాఖంలో కబురొచ్చింది, కృష్ణ ఒడ్డు గుట్టల్లో కాల్పుల్లో పోయాడని. చెప్పిన నోరు ఉంది గాని చూసిన కన్ను లేదు. శవం లేదు. దినం చేద్దామంటే ఏ దినమో తెలియదు. వదిన చేతి గాజులు చేతికే ఉన్నాయి. ముత్తైదువ అని పేరంటానికి పిలిచేవాళ్లు లేరు, విధవ అని ఓదార్చేవాళ్లూ లేరు. ఆమె ఎదురైతే ఏం మాట్లాడాలో తెలియక జనం వానను తిట్టి వెళ్లిపోయేవారు.

ఆమె ఒక్కదాని కోసమే ఎదురు చూస్తోంది. "కాటమయ్య తాత ఎప్పుడొస్తడు అత్తా?"

కాటమయ్య మా కులం కథ చెప్పే మనిషి. మూడేండ్లకోసారి శ్రావణంలో భార్య జానమ్మతో వచ్చేవాడు. నిలువెత్తు కర్రలకు వాడ మొగదల పటం కట్టేవాడు. చాపలా చుట్టిన పొడుగాటి గుడ్డ అది; దాని మీద గళ్లు గళ్లుగా ఎర్రటి బొమ్మలు. తామర తూడు నుంచి మొదటి నూలు తీసిన మా మూలపురుషుడి కథంతా అందులో ఉండేది. రోజుకు ఇన్ని గళ్లని విప్పుకుంటూ, కట్టెతో చూపించుకుంటూ చెప్పేవాడు. చివరి గడిలో మా పెద్దలంతా సభ తీరి కూర్చుని ఉంటారు. ఆ గడి ముందు నిలబడి, కిందటిసారి వచ్చిన తర్వాత ప్రతి ఇంట్లో పోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తాడు. పిలుపు అందినవాళ్లు పెద్దల్లో కలిసినట్టు. శవం దొరికిందా, దినం జరిగిందా అని అడిగేవాళ్లు ఆ తర్వాత ఉండరు.

"పేరు పిలిస్తే చాలు" అనేది వదిన. "ఎటో ఒక దిక్కు ఐత."

కాటమయ్య వచ్చాడు. పొద్దు గూకితే దీపం పెట్టొద్దని పోలీసు హుకుం ఉండటంతో, ఆ ఏడు కథ మధ్యాహ్నం పూటే పెట్టుకున్నాడు. అన్న ఎదురెళ్లి పటం తానే భుజాన వేసుకుని తెచ్చాడు. ఆయనకు తాత మీద ప్రేమ లేదని కాదు. చిన్నప్పుడు ఆ కథలు వింటూ ఆయన ఒళ్లోనే నిద్రపోయిన మనిషి.

మొదటి రోజు వాడంతా కూర్చుంది. రెండో రోజు సగం వాడ కూర్చుంది, కూర్చున్న సగం ఆవలించింది. మా మూలపురుషుడు నూలు కోసం నీళ్లలో దిగిన ఘట్టం అది.

"తాతా, నిన్న దిగినోడు ఇయ్యాల సుత నీళ్లల్నే ఉన్నడు. సర్ది చేస్తది, జర బయటికి తియ్యి!" అన్నాడు అన్న.

జనం గొల్లుమన్నారు. కాటమయ్యా నవ్వాడు, కథ ఆపి. "నూలు ఊరికె వస్తదా జంగయ్యా? నీకు తెల్వదా, సాలోనివే గదా."

"మా సోలాపూర్‌ల ఐతే మూడు నిమిషాల్ల మొత్తం మిల్లు చుట్టి వస్తది కథ."

"గంత జల్ది చుడితే పురి తప్పుతది బిడ్డా" అన్నాడు తాత, మళ్లీ కట్టె ఎత్తుతూ.

మూడో రోజు తుంపర. పటం మీద గోనె పట్టా కప్పి, చివర మాత్రం తెరిచి చెబుతున్నాడు. రాక్షసుడితో యుద్ధం. పటం ముందు మా అమ్మ, వదిన, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు. మిగిలిన వాడంతా వాన వంకతో మా అరుగు మీదికి చేరింది. అరుగు మీద పెట్టె ఉంది.

"ఒక్క ప్లేటు జంగన్నా" అన్నారెవరో.

"కథ నడుస్తుంది గదరా."

"చిన్నగ పెట్టు. నవ్వులది."

అన్న వీధి వైపు చూశాడు. తాత వీపు మాకుంది, మొహం పటానికుంది. అన్న బూరను గోడ వైపు తిప్పి, నా దిక్కు చూసి తల ఊపాడు. నేను చావి తిప్పాను.

బూరను గోడకు తిప్పితే సద్దు తగ్గుతుందనుకున్నాం. గోడ దాన్ని అందుకుని రెండింతలు చేసి వీధిలోకి విసిరింది. మగమనిషి పకపకమన్నాడు. ఆడమనిషి అందుకుంది. అరుగు మీది వాడంతా అందుకుంది.

కాటమయ్య కట్టె రాక్షసుడి మీసం మీద ఆగింది. మాట ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి, ముందు చిన్నగా, తర్వాత గట్టిగా. మా అమ్మ లేచి, "అయ్యో, తాత ఏడుస్తుండురా" అంది. అన్న ముల్లెత్తేశాడు. ఎత్తినా నవ్వు ఒక్కసారి ఆగలేదు. అరుగు మీద అక్కడక్కడా ఇంకా కారుతూనే ఉంది.

తాత పటం విప్పడం ఆపి చుట్టడం మొదలుపెట్టాడు.

"తాతా, ఇంక గళ్లున్నయ్" అంది వదిన.

ఆయన చుట్టడం ఆపలేదు. జానమ్మ కర్రలు పీకింది. వదిన పటం కొస పట్టుకుంది. "మా ఇంటి మనిషి పేరు పిలిచి పో తాతా. ఒక్క పేరే."

"పట్టు విడువు బిడ్డా" అన్నాడు ఆయన, మొహం పక్కకు పెట్టి. "నడుమ చుట్టిన పటానికి పిలుపు ఉండదు."

ఎవరింటా అన్నం ముట్టకుండా, బియ్యం ముట్టకుండా ఇద్దరూ వానలో వెళ్లిపోయారు. వదిన చేతికి పటం ఎరుపు అంటింది. తుంపరలో అది మోచేతి దాకా కారింది. ఆమె ఇంట్లోకి వచ్చి, పొయ్యి ముట్టించి, అన్నం వండి, అన్నకే ముందు వడ్డించింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే అన్న ఆ అన్నం తినగలిగేవాడు.

చవితి వెళ్లిన వారంలోనే యూనియన్ మిలిటరీ వచ్చింది. రాక్షసుడి ఒక్క యుద్ధానికి కాటమయ్యకు రెండు పూటలు పట్టేది. వీళ్లు వారం తిరగకుండానే రాజ్యమంతా చుట్టేశారు. రజాకార్లు మా ఊరి నుంచి ఏ దారిన పోయారో వాళ్ల చెప్పులకే తెలియాలి. నిన్నటి దాకా గుసగుసలాడిన మనుషులు అరిచి మాట్లాడారు. అరవడానికి ఏమీ లేనివాళ్లు మా అరుగు మీదికి వచ్చారు.

"రాజ్యం మారింది జంగన్నా! పెట్టు నవ్వుల ప్లేటు!"

"పగిలింది" అన్నాడు అన్న.

పగలలేదు. ఆ ప్లేటును ధోవతి పేలికలో చుట్టి మగ్గం గుంతలో దాచింది ఆయనే. లావణి పెట్టాడు, పద్యాలు పెట్టాడు. పెట్టి, లేచి పెరట్లోకి పోయేవాడు. ముల్లు చివరికొచ్చి కర్ర్ కర్ర్ మంటున్నా వచ్చేవాడు కాదు. నేనే ఎత్తేవాణ్ణి. మాటల్లో మెలికలూ తగ్గాయి. ఎవరైనా చమత్కరిస్తే ఆయన మొహం దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, ఎండ కొట్టినట్టు.

కొత్త రాజ్యంలోనైనా నడిపన్న పేరు బయట చెప్పుకోవచ్చనుకుంది మా అమ్మ. మిలిటరీ వాళ్లు మూడో రోజునే సంఘం మనుషుల కోసం ఇండ్లు వెతికారు. నిజాం కంట్లో కొడుకు నేరస్తుడు, కొత్త సర్కారు కంట్లోనూ అంతే. ఒక జవాను పెట్టె తెరిచి చూసి, బూరలో చెయ్యి పెట్టి వెతికి, ఏమీ లేదని నవ్వి పోయాడు. ఆ పొద్దు వదిన నా దగ్గరకు వచ్చింది.

"మరిదీ, సోలాపూర్‌ల మనుషుల గొంతు పట్టే మిషన్ ఉంటదట గద?"

"ఉంటదట వదినా."

"మీ అన్న పేరు ఎవరన్న పిలిస్తే, ప్లేటు మీదికి ఎక్కుతదా?"

గోడవతల అన్న ఉన్నాడని నాకు తెలుసు. ఆమెకూ తెలుసేమో. తెల్లారి అన్న మగ్గం గుంతలో నుంచి పేలిక మూట తీసి భుజానికి తగిలించుకున్నాడు. "నడువ్" అన్నాడు నాతో. "కాటమయ్యను దేవులాడాలె."

అడిగిన చోటల్లా ఎవరో ఒకరు ముందుకు తోశారు. దేవరకొండ సడక్ మీద మిలిటరీ లారీల కోసం గుంతలు పూడుస్తున్నారు. అక్కడ దొరికారు. జానమ్మ తట్ట మోస్తోంది. కాటమయ్య చింపి గొంగడి పరుచుకుని కంకర కొడుతున్నాడు. రాక్షసుల్ని చూపించిన కట్టె పట్టిన చేతిలో ఇప్పుడు సుత్తి.

అన్న ఆయన ముందు నిలబడి మూట విప్పాడు. "తాతా, గిదే ఆ ప్లేటు. నీ కండ్ల ముందల పగలగొడ్త. తప్పయింది. మా వాడకు వచ్చి పిలుపు పిలిచిపో."

తాత ప్లేటును తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇంత పల్చగున్నదా!" అన్నాడు. తర్వాత, "పటం లేదు జంగయ్యా" అన్నాడు.

"లేదంటే?"

"వాడపల్లి కాడ కృష్ణల కలిపినం" అంది జానమ్మ, తట్ట దించి. "మనిషికి చేసినట్టే పసుపు, కుంకుమ, బియ్యం పెట్టి. నేనే ఏడ్సిన. నడుమ చచ్చిన పటం ఇంట్ల ఉండద్దు."

అన్న కంకర మీదే కూలబడ్డాడు. "మేమే చంపినం. ఎదురుంగ కథ చెప్తుంటే ఎన్క నవ్వినం. నిన్ను ఏడిపిస్తిమి."

కాటమయ్య సుత్తి పక్కన పెట్టాడు.

"ఏడువలే" అన్నాడు.

"మా అమ్మ చూసింది తాతా. నీ భుజాలు..."

"నాకు నవ్వచ్చింది జంగయ్యా."

లారీ ఒకటి పోయింది. దుమ్ము ఆగిందాకా అందరం కండ్లు మూసుకున్నాం.

"రాక్షసుని మీసం మీద కట్టె పెట్టి ఉన్న. ఆ ఆడమనిషి పకపకమన్నది. ఆ మీసం కింద వాని పండ్లు ఎట్లున్నయో చూసినవా ఎన్నడన్న? ఆమె లెక్కనే నవ్వుతున్నట్టు కొట్టింది. ఆపుదామంటే ఆగలే. మా నాయిన అదే పటం ముందల చెప్పిండు, మా తాత చెప్పిండు. పెద్దల ముందల నిలబడ్డోడు ఒక్కడు నవ్వలే. నేను నవ్విన. నవ్విన నోటితోటి మీ ఇంటి పిలగాని పేరెట్ల పిలువాలె? మీ మీద కోపంతోటి చుట్టిన అనుకున్నరు మీరు. అనుకోనీ అని మొహం దాచుకొని పోయిన."

"ఇప్పటికి సుత నిద్రల నవ్వుతడు" అంది జానమ్మ. "లేచి లెంపలు వేసుకుంటడు."

అన్న ప్లేటు అందుకుని రాయి మీదికి ఎత్తాడు. తాత ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. పగలగొడితే నీ పాపం పోతదేమో. నాది ఎటు పోతది?"

ఇద్దరి చేతుల్లో ఆ ప్లేటు చాలాసేపు ఉంది. చివరికి తాతే దాన్ని పేలికలో చుట్టి ఇచ్చాడు. తిరిగి సుత్తి అందుకుంటూ అన్నాడు, "బొమ్మ నకాషోళ్లు గీస్తరు. ఏండ్లు పడ్తది. నా నోరు మళ్ల శుద్ధం కావాలె, దానికీ ఏండ్లు పడ్తది. కానీ బట్ట మీది. పటానికి బట్ట ఎప్పుడన్న సాలోళ్లదే."

దసరా ముందు మా అంగడికి మొదటి నూలు దిగింది. బతుకమ్మకు చీరలు కావాలని ఊళ్లన్నీ మా వాడ మీద పడ్డాయి. ఎవరి గుంతలో కప్పలను వాళ్లు వెళ్లగొట్టుకున్నారు. మా అన్న మాత్రం చీరల పడుగు పెట్టలేదు. వీధి పొడుగునా సన్నటి పడుగు సాగదీశాడు, మూల మలుపు దాకా.

"ఏంది జంగయ్యా, ఏ ఏనుగుకు గోచి నేస్తున్నవ్?" అంది సోమమ్మ.

వీధంతా నవ్వింది. ఆయన నోటి నుంచి దానికి నాలుగు జవాబులు రావాలి. నేను కాచుకుని ఉన్నాను. ఆయన తెగిన పోగు ముడివేసుకుంటూ ముందుకు పోయాడు.

అన్న నేస్తుంటే వదిన నూలు కండెలు చుట్టేది. గుంతలో మగ్గం పలక దెబ్బ, గట్టు మీద వదిన గాజుల చప్పుడు. అరుగు మీది పెట్టె మీద అమ్మ విస్తరాకులు ఆరబెట్టింది. ఒకనాడు వదినే అంది, "పాట పెట్టరాదు మరిదీ, చేతులు సాగుతయ్." నేను లావణి పెట్టాను. అన్న చేతిలో అటూ ఇటూ పోగు తోసే నాడె ఆగింది. ప్లేటు అయిపోయేదాకా ఆగే ఉంది. ఆ తర్వాత ఆమె అడగలేదు.

దీపావళి నాటికి బట్ట కోతకు వచ్చింది. మగ్గం మీంచి కోసి, ముగ్గురం వీధిలో పరిచాం. తెల్లగా, ఒక్క గీత లేకుండా, వాడ మొగదల నుంచి మా గడప దాకా వచ్చింది. మడత పెట్టడానికి అన్న ఆ కొస పట్టుకున్నాడు, నేను ఈ కొస. వదిన బట్ట పక్కనే నడుచుకుంటూ నా దగ్గరి దాకా వచ్చింది. వంగి, పెద్దల గడి రావలసిన చివరి మూర మీద అరచెయ్యి పెట్టింది.

"ఇక్కడనా బావా?" అని గట్టిగా అడిగింది, అంత దూరం వినిపించేటట్టు.

అన్న ఆ కొసన అలాగే నిలబడ్డాడు. "ఇక్కడనే" అన్నాడు.

ఆమె చెయ్యి తీయలేదు. గాజుల చప్పుడు ఆగింది. మేమిద్దరం చెరో కొస పట్టుకుని, ఆమె లేచేదాకా మడత వేయకుండా నిలబడ్డాం.